ఆ ఒక్క గడి



అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల తిరిగేవాళ్లకు మెడికల్ కోడింగ్ కోచింగ్ బోర్డులు కొత్త కాదు. బీఫార్మసీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, నర్సింగ్ చదివిన పిల్లలు అక్కడ కొన్ని నెలలు కూర్చుని, సీపీసీ అనే పరీక్ష రాసి, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక సీటు సంపాదించుకుంటారు. అమెరికాలో డాక్టరు రాసిన నోట్ చదివి, జబ్బుకీ వైద్యానికీ కోడ్‌లు వెయ్యడం, లేకపోతే వేసినవి సరిచూడటం వాళ్ల పని. నేనూ చాలాకాలం ఆ పనే చేశాను. గుండె, ఎముకలు, కిడ్నీలు అన్నీ అయ్యాక నా వంతుకి బిహేవియరల్ హెల్త్ వచ్చింది. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు సొంతంగా నడుపుకునే చిన్న చిన్న థెరపీ ప్రాక్టీసుల క్లెయిములన్న మాట.

ఎముక విరిగిందంటే ఎక్స్‌రే ఉంటుంది. షుగరంటే రక్తపరీక్ష ఉంటుంది. కోడ్‌నీ రిపోర్టునీ పక్కపక్కన పెడితే కుదిరిందో లేదో తేలిపోతుంది. థెరపీ నోట్‌లో అలాంటి ఆధారం దొరకదు. ఒక మనిషి ముప్పావుగంట మాట్లాడింది, ఇంకో మనిషి విన్నది. అది అయ్యాక తెర మీద ఒక గడి నింపాలి. దాని పేరు డయాగ్నసిస్. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఆ గడి గురించే.

అమెరికాలో ఒంటరిగా ప్రాక్టీసు పెట్టుకున్న థెరపిస్టుకు రిసెప్షనిస్టు ఉండకపోవచ్చు, గుమాస్తా ఉండకపోవచ్చు. సింపుల్‌ప్రాక్టీస్, థెరపీనోట్స్ లాంటి సాఫ్ట్‌వేర్లే ఆఫీసు మొత్తాన్నీ నడిపిస్తాయి. అపాయింట్‌మెంట్లు, వీడియో కాల్, నోట్లు, బిల్లులు, ఇన్సూరెన్స్ క్లెయిములు అన్నీ ఒకేచోట. ఈ సదుపాయంలోనే ఒక మెలిక ఉంది. డయాగ్నసిస్ ఒకసారి ఎక్కిస్తే చాలు, మళ్లీ మళ్లీ టైపు చెయ్యక్కర్లేకుండా అది ట్రీట్‌మెంట్ ప్లాన్‌లోకీ, ఆ తర్వాత నోట్లలోకీ, క్లెయిముల్లోకీ తనంతట తానే వెళ్లి కూర్చుంటుంది. అంటే ఒక సాయంత్రం ఆదరాబాదరాగా ఎంచుకున్న ఒక కోడ్ ఏడాది పొడుగునా ఆ మనిషి వెంట నడుస్తుంది.

ఎంచుకోవడం ఎలా ఉంటుందో చెబుతాను. గడిలో డి, ఇ, పి అని మూడక్షరాలు కొట్టగానే కింద ఒక జాబితా జారుతుంది. ఎఫ్ 32.0 అంటే మేజర్ డిప్రెషన్, మొదటిసారి, స్వల్పం. 32.1 అయితే మధ్యస్థం, 32.2 అయితే తీవ్రం. ఇదివరకు కూడా వచ్చి ఉంటే ఎఫ్ 33. ఇవేవీ తేల్చుకోలేనప్పుడు ఎఫ్ 32.ఎ, అంటే ఇంకా వివరం తేలని డిప్రెషన్. ఈ చివరిది 2021 అక్టోబరు 1న వచ్చింది. అంతకుముందు నోట్‌లో ఉత్తి డిప్రెషన్ అని రాసి ఉన్నా ఎఫ్ 32.9 వెయ్యాల్సి వచ్చేది, ఆ కోడ్ పేరేమో మేజర్ డిప్రెసివ్ డిజార్డర్. మనసు బాగోలేదని వచ్చిన మనిషి, ఆ జాబితాలో ఇంకో వరుస లేకపోవడం వల్ల మేజర్ డిప్రెషన్ ఖాతాలో పడేది. ఆ రోజుల్లో ఎక్కిన కోడ్‌లు ఇప్పటికీ పాత రికార్డుల్లో అలాగే ఉన్నాయి.

కోడింగ్ వాళ్లకు అక్టోబరు 1 అంటే కొత్త పంచాంగం వచ్చిన రోజు. అమెరికా కోడ్‌ల పుస్తకం ఏటా ముఖ్యంగా ఆ రోజునే మారుతుంది. 2022లో ఎఫ్ 43.8 అన్నది రెండుగా చీలింది. ఎఫ్ 43.81 దీర్ఘకాలం వీడని దుఃఖానికి, ఎఫ్ 43.89 తక్కినవాటికి. ఆ రోజు దాటాక పాత నాలుగక్షరాల కోడ్‌తో వెళ్లిన క్లెయిము ఇన్సూరెన్స్ కంపెనీ గడప కూడా తొక్కదు, మధ్యలో క్లెయిములను జల్లెడ పట్టే క్లియరింగ్‌హౌస్ దగ్గరే తిరిగొస్తుంది. సెప్టెంబరు చివర్లో ఒకసారి, అక్టోబరు మొదటి వారంలో ఒకసారి వచ్చిన మనిషికి ఒకే దుఃఖానికి రెండు కోడ్‌లు పడతాయి. మాకది మామూలే, క్యూలో ఇంకో క్లెయిము.

ఇంతకీ డయాగ్నసిస్ వెయ్యకుండా వదిలేస్తే? డబ్బు రాదు. క్లెయిముకు వాడే సీఎంఎస్ 1500 ఫారంలో 21వ నంబరు గడి ఉంది. అందులో ఎ నుంచి ఎల్ దాకా పన్నెండు డయాగ్నసిస్‌లకు చోటు. కింద ఒక్కో సేవకూ ఒక వరుస ఉంటుంది. 45 నిమిషాల సైకోథెరపీకి 90834 అని రాసి, ఇది పైన ఎ అని రాసిన జబ్బు కోసం చేశాం అని దానికి ముడి పెట్టాలి. ఆ ముడి లేని వరుసకు పైసా రాలదు. జబ్బు ఉంటేనే వైద్యం, వైద్యం ఉంటేనే చెల్లింపు అన్నది ఇన్సూరెన్స్ లెక్క. మనిషి బాధపడుతున్నాడు అన్నంత మాత్రాన ఆ లెక్కలోకి రాడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగావిడ. గుంటూరులో తండ్రి పోయాడు. వీసా స్టాంపింగ్ భయంతో వెళ్లలేక, అంత్యక్రియలు వాట్సాప్ వీడియోలో చూసింది. రెండు నెలలైనా నిద్ర లేదు, ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేచి వెళ్లిపోతోంది. థెరపిస్టు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి? ఆప్తులు పోయిన బాధకు జడ్ 63.4 అనే కోడ్ ఉంది. అది నిజం, కానీ జబ్బు కాదు, అందుకని అదొక్కటే ముందు పెట్టి పంపితే ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా చెల్లించవు. వీడని దుఃఖం అని ఎఫ్ 43.81 వేద్దామంటే, అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో సవరించిన డీఎస్‌ఎం అనే మానసిక రుగ్మతల పుస్తకం ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది గడవాలి. సరే, సర్దుబాటు చేసుకోలేని ఇబ్బంది అనే అర్థంలో ఎఫ్ 43.21, అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ వేద్దామంటే, మామూలు మరణదుఃఖాన్ని దాని కిందికి తేకూడదని అదే పుస్తకం చెబుతుంది. మేజర్ డిప్రెషన్ అంటే మరీ పెద్ద మాట, నిజంగా ఆ లక్షణాలన్నీ ఉన్నాయో లేదో రెండు గంటల మాటల్లో తేలదు.

మా దగ్గరికి వచ్చే క్లెయిముల్లో ఇలాంటిచోట ఎక్కువగా ఎఫ్ 43.2 కుటుంబమే కనబడేది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అన్నిటిలోకీ తేలిగ్గా వినిపించే జబ్బు పేరు అది, పైగా డబ్బు వస్తుంది. క్లయింటు మీద మచ్చ పడకూడదన్న మంచితనం కూడా అందులో ఉంటుంది. కానీ తేలికపరచి రాయడమైనా, సెషన్లు మంజూరు కావాలని బరువు పెంచి రాయడమైనా, తెలిసి చేస్తే అది ఇన్సూరెన్స్‌కు చెప్పిన అబద్ధమే. అంతకన్నా నాకు ఇబ్బందిగా తోచేది మరొకటి. ఈ రెండు పనులూ చాలాసార్లు క్లయింటుకు తెలియకుండా జరిగిపోతాయి. ఎవరి గురించి రాశారో ఆ మనిషికి తప్ప ఆ కోడ్ అందరికీ కనబడుతుంది. బిల్లింగ్ ఆఫీసుకు, క్లియరింగ్‌హౌస్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి, హైదరాబాదులో రాత్రి షిఫ్టులో కూర్చున్న నాలాంటివాడికి.

కోడింగ్ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఔట్‌పేషెంట్ చికిత్సలో డాక్టరు ఫలానా జబ్బు కావచ్చు, అనుమానం, ఇది కాదని తేల్చుకోవాలి అని రాస్తే, ఆ జబ్బు ఉన్నట్టు కోడ్ వెయ్యకూడదు. కనబడుతున్న లక్షణాన్ని మాత్రమే వెయ్యాలి. నిద్ర పట్టకపోతే నిద్ర పట్టడం లేదని వెయ్యి, బైపోలార్ అని వెయ్యకు. మా ట్రైనర్లు దీన్ని బల్లగుద్ది నేర్పేవారు. సాఫ్ట్‌వేర్ గడికి మాత్రం ఈ మర్యాద తెలియదు. అనుమానాన్ని నోట్ లోపల వాక్యంగా రాసుకోవచ్చు, గడిలో మాత్రం తేల్చి చెప్పాల్సిందే. అక్కడ కావచ్చు అన్న మాటకు చోటు లేదు.

కాలం సంగతి ఇంకో చిక్కు. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ లక్షణాలు, దానికి కారణమైన ఒత్తిడి మొదలైన మూడు నెలల్లోపు కనబడాలి. ఆ ఒత్తిడి, దాని పర్యవసానాలు తొలగిపోయాక ఆరు నెలలకు మించి ఉండకూడదు. కాని క్లెయిముల్లో ఆ కోడ్ ఏళ్ల తరబడి అలాగే వస్తూ ఉంటే చూశాను. థెరపిస్టు అబద్ధమాడుతోందని కాదు. గడి తనంతట తాను నిండుతోంది, ఆవిడ దృష్టంతా ఎదురుగా కూర్చున్న మనిషి మీద ఉంది, అంతే. ఇంకో సంగతి. డిప్రెషన్ పూర్తిగా తగ్గిందని చెప్పడానికి ఎఫ్ 32.5 అనే కోడ్ ఉంది, కొంత తగ్గిందనడానికి ఎఫ్ 32.4 ఉంది. వాటిని వేసిన థెరపీ క్లెయిములు నా కళ్లబడ్డవి బహు తక్కువ. తగ్గిపోతే ఇంకా ఎందుకు వస్తున్నారని కంపెనీ అడుగుతుందన్న భయం కాబోలు. దానితో బాగుపడ్డ మనిషి కూడా కాగితం మీద బాగుపడడు.

ఇక గోప్యత. అమెరికాలో హిపా చట్టం 1996లో వచ్చింది. దాని కింద వచ్చిన నిబంధనల్లో సైకోథెరపీ నోట్లకు ప్రత్యేక రక్షణ ఉంది. సెషన్‌లో జరిగిన సంభాషణను విశ్లేషిస్తూ థెరపిస్టు విడిగా రాసి పెట్టుకునే నోట్లు అవి. వాటిని క్లయింటు ప్రత్యేక అనుమతి లేకుండా ఇన్సూరెన్స్‌కు ఇవ్వడం దాదాపు కుదరదు. వినడానికి ధైర్యంగా ఉంటుంది. అయితే ఆ నిర్వచనం చివరిదాకా చదివితే, ఏవేవి ఆ రక్షణ కిందికి రావో ఒక జాబితా ఉంది. సెషన్ మొదలైన సమయం, ముగిసిన సమయం, మందులు, పరీక్షల ఫలితాలు, చికిత్స ప్రణాళిక సారాంశం, వాటితోపాటు డయాగ్నసిస్. అంటే ఆ న్యూజెర్సీ ఆవిడ తండ్రి గురించి చెప్పి ఏడ్చిన మాటలు బీరువాలో భద్రంగా ఉంటాయి. వాటికి పెట్టిన పేరు మాత్రం బయట తిరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు తెలుసుకోవలసినది ఇక్కడ ఒకటుంది. 2013 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఒక సేవకు పూర్తి డబ్బు మీరే జేబులోంచి కడితే, దాని వివరాలు ఇన్సూరెన్స్‌కు పంపవద్దని మీరు కోరవచ్చు. చట్టం ఇంకేదైనా చెబితే తప్ప, థెరపిస్టు ఆ కోరికను మన్నించి తీరాలి. అయితే చాలామంది సొంతంగా డబ్బు కట్టి, థెరపిస్టు దగ్గర సూపర్‌బిల్ అనే రసీదు తీసుకుని, కొంతైనా వెనక్కి వస్తుందని దాన్ని తామే కంపెనీకి అప్‌లోడ్ చేస్తారు. ఆ సూపర్‌బిల్ మీద డయాగ్నసిస్ కోడ్ ఉంటుంది. దాచుదామనుకున్నది మన చేత్తోనే పంపినట్టు. అప్‌లోడ్ చేసేముందు ఒకసారి ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదవండి.

కోడ్ ఉంటే ఏమవుతుంది అంటారా. 2014 నుంచి పాత జబ్బు ఉందన్న కారణంతో అక్కడ ఆరోగ్య బీమా నిరాకరించడానికి వీల్లేదు. అది పెద్ద ఊరటే. జీవిత బీమాకు, పని చెయ్యలేని స్థితిలో ఆదుకునే డిజెబిలిటీ బీమాకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. పైలట్ కావాలనుకునే కుర్రాడు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మెడికల్ ఫారం నింపేటప్పుడు డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. తనకు ఏ పేరు పెట్టారో తనకే తెలియని మనిషి అక్కడ ఏం రాస్తాడు?

ఈ పేర్లు శిలాశాసనాలూ కావు. జబ్బుల వర్గీకరణ మొదట చావుల లెక్క కోసం పుట్టింది. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ ఇచ్చిన మరణకారణాల పట్టిక దానికి మూలం. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చిన ఆరో కూర్పులో మానసిక వ్యాధులకు విడిగా ఒక అధ్యాయం చేరింది. అమెరికా వాళ్ల డీఎస్‌ఎం 1952లో మొదలైంది. దాని రెండో కూర్పులో, 1968లో, స్వలింగ సంపర్కం ఒక మానసిక రుగ్మత, 302.0 అని కోడ్ కూడా ఉంది. 1973లో అసోసియేషన్ దాన్ని తీసేసింది. పుస్తకంలోంచి తీసేశారు గానీ, అంతకుముందు రాసిన కేసు ఫైళ్లలోంచి ఎవరు తీస్తారు? అందుకే డయాగ్నసిస్ పక్కన తేదీ ఉండాలంటాను, ఏ పుస్తకం ప్రకారం వేశారో ఉండాలంటాను. మార్చినప్పుడు పాతదాన్ని చెరిపెయ్యకూడదు. ఫలానా రోజున ఫలానా కారణంతో మార్చామని రాసి, పాతది ముగిసినట్టు చూపాలి. మంచి సాఫ్ట్‌వేర్లలో అందుకు వీలుంటుంది, వాడేవాళ్లు తక్కువ.

రికార్డులు దొంగల చేతిలో పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ ఉండేది. రోగుల రికార్డులన్నీ కంప్యూటర్‌లో పెట్టుకుంది, ఆ డేటాబేస్‌కు సరైన కాపలా లేదు. ఎవరో దాన్ని దొంగిలించారు. ముందు సంస్థను డబ్బడిగి, రాకపోయేసరికి 2020 అక్టోబరులో నేరుగా క్లయింట్లకే ఈమెయిళ్లు పంపారు. 24 గంటల్లో 200 యూరోలు బిట్‌కాయిన్లో కట్టు, ఆలస్యమైతే 500, లేకపోతే నీ థెరపీ రికార్డు ఇంటర్నెట్‌లో పెడతాం అని. దాదాపు 33,000 మంది రికార్డులు అవి. కొన్నిటిని నిజంగానే బయటపెట్టారు కూడా. 2024లో ఒక ఫిన్లాండ్ యువకుడికి అక్కడి కోర్టు ఆరేళ్లకు పైగా శిక్ష వేసింది. సంస్థ అంతకుముందే దివాలా తీసింది. థెరపిస్టు తన నోట్‌లో ఎంత వివరంగా రాయాలి అన్న ప్రశ్నకు అప్పటినుంచి ఇంకో అర్థం వచ్చింది. నా మటుకు నేను, చికిత్సకు అక్కర్లేని పేర్లు, చిరునామాలు, మూడో మనిషి రహస్యాలు ఆ తెర మీదికి ఎక్కించకపోవడమే మేలనుకుంటాను.

మన దగ్గర పరిస్థితి వేరు. హైదరాబాదులోనో విజయవాడలోనో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువగా ఫోన్‌పేలో డబ్బు కట్టేసి వస్తారు. బీమా క్లెయిము ఉండదు కాబట్టి 21వ నంబరు గడి పీడ లేదు. అయినా క్లినిక్ సాఫ్ట్‌వేర్లు ఇక్కడా వచ్చాయి, వాటిలో డయాగ్నసిస్ గడి ఉంది. ఖాళీగా వదిలితే ఎర్రగా మెరిసే గడి ఉంటే, మనిషి ఏదో ఒకటి రాసేస్తాడు. కౌన్సెలర్ అందరికీ డయాగ్నసిస్ చేసే అర్హత లేదు. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు చెయ్యవలసిన పని అది. అర్హత లేనిచోట క్లయింటు చెప్పిన ఇబ్బందిని ఆ మాటల్లోనే రాసి ఊరుకోవాలి. ఆ మేరకు గడి ఖాళీగా ఉంటే అది లోపం కాదు.

మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 నాటిది, 2018 మే 29న అమల్లోకి వచ్చింది. దానిలో మూడో సెక్షన్ చదివినప్పుడు, దీన్ని రాసినవాళ్లకు రికార్డుల సంగతి బాగా తెలుసనిపించింది. చికిత్సకు నేరుగా సంబంధించిన అవసరానికో, ఆ చట్టం పరిధిలోని విషయాలకో తప్ప, ఎవరినీ మానసిక రోగిగా వర్గీకరించకూడదు. గతంలో చికిత్స పొందారన్నది ఒక్కటే, ఇప్పుడు జబ్బు ఉందనడానికి ఆధారం కాదు. 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది. 24వ సెక్షన్ ఆ హక్కు కంప్యూటర్‌లో దాచిన సమాచారానికి కూడా వర్తిస్తుందని విడిగా చెప్పింది. 25వ సెక్షన్ ప్రకారం రోగికి తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కుంది. కాలేజీకో ఆఫీసుకో సెలవు సర్టిఫికెట్ కావాలంటే అందులో జబ్బు పేరు పడేముందు, దాన్ని ఎవరెవరు చదువుతారో ఒకసారి డాక్టరుగారితో మాట్లాడటం మంచిది.

ఇంతకీ నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. డయాగ్నసిస్ గడి నింపేటప్పుడు క్లయింటు ఎదురుగా ఉండాలి. మానిటర్ కొంచెం అటు తిప్పి, మీకు నేను ఇప్పుడు ఈ కోడ్ వేస్తున్నాను, ఇందువల్ల, ఇది ఫలానా ఫలానా చోట్లకు వెళుతుంది, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అని చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. క్లయింటు కాదండీ, నాకు అంత లేదు అనవచ్చు. హమ్మయ్య, దీనికి ఒక పేరుందన్న మాట అని తేలికపడేవాళ్లూ ఉంటారు. మనవాళ్లలో అయితే, ఇంట్లో మా అత్తగారికి తెలుస్తుందా అని ముందు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత గడి నింపినవాళ్లదే.

అప్పటికే నిండిపోయిన గడితో పేచీ ఉంటే ఏం చెయ్యాలి? అమెరికాలో అయితే రికార్డు సవరించమని రాతపూర్వకంగా అడగవచ్చు. 60 రోజుల్లో జవాబివ్వాలి, గడువు ఒకసారి 30 రోజులు పొడిగించుకోవచ్చు. రికార్డు సరిగ్గానే ఉందని థెరపిస్టు నిరాకరించవచ్చు. అప్పుడు మీరు ఎందుకు ఒప్పుకోవడం లేదో ఒక ప్రకటన రాసి ఇస్తే, దాన్ని ఆ రికార్డుకు జతచెయ్యాలి. తర్వాత ఆ డయాగ్నసిస్‌ను ఎవరికి పంపినా, మీ ప్రకటననో దాని సారాంశాన్నో కూడా పంపాలి. ఎలక్ట్రానిక్ క్లెయిములో దానికి చోటు లేకపోతే విడిగా పంపవచ్చని కూడా నిబంధనలో ఉంది. నేను కోడింగ్‌లో ఉన్నన్నాళ్లూ అలాంటి ప్రకటన ఒక్కటీ నా క్యూలోకి రాలేదు. ఆ హక్కు ఉందని క్లయింట్లకు ఎవరూ చెప్పకపోవడమే కారణమని నా అనుమానం. చెప్పానుగా, అనుమానానికి కోడ్ లేదు.